గ్లాసెడు రసం, గిన్నెడు కీరా

ఏప్రిల్ 3, గురువారం

ఇక నుంచి రెండు పుస్తకాలు. ఒకటి భోజనాల బల్ల మీద ఉంటుంది. ఆయన తిన్నదెంత, తాగిందెంత, ఎక్కిన బరువెంత అన్నీ అందులో. ఎవరైనా తెరిచి చూడొచ్చు. రెండోది ఇది. బియ్యం డబ్బా వెనక ఉంటుంది. ఆ పుస్తకంలో గడి లేనివి ఇందులో రాసుకుందామనుకున్నాను. ఏముంటాయో చూడాలి.

ఈ రోజు తొమ్మిదో డయాలసిస్. సోమవారం, గురువారం, నాలుగేసి గంటలు. మిగతా రోజులు ఆయన టైలరింగ్ షాపుకి వెళ్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కటింగ్ బల్ల ఆయనదే. వారానికి రెండు రోజులు మానేస్తే ఓనరు సర్దుకుంటానన్నాడు. మూడో రోజైతే కుదరదని అప్పుడే చెప్పేశాడు.

డైట్ మేడం వచ్చి కొత్త పట్టిక ఇచ్చింది. నీళ్ళు, టీ, మజ్జిగ, ఏదైనా సరే రోజుకి ఎనిమిది వందల మిల్లీలీటర్లు దాటకూడదు. పొటాషియం రెండు వేల మిల్లీగ్రాములు. ఒక డయాలసిస్ నుంచి ఇంకోదానికి రెండున్నర కిలోలకు మించి బరువు పెరక్కూడదు. ఎక్కే బరువంతా నీరేనట. బయటికి పోయే దారి లేదు కదా.

"ఉడకబెట్టకుండా ఏమివ్వొచ్చు మేడం?" అని అడిగాను. "కీరా ఇవ్వండి, మిగతా పచ్చివాటికంటే నయం" అంది. ఎంత అని అడిగేలోపు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. పట్టిక చేతిలో ఉంది కదా, చూసుకుంటే పోలా.

కాగితం పుస్తకం కంటే వెడల్పు. అదృష్టం కొద్దీ సాన పట్టించడానికి తెచ్చిన ఆయన పెద్ద కత్తెర ఇంట్లోనే ఉంది. కుడి అంచు కోసి చక్కగా అంటించాను. గీత గీసినట్టు వచ్చింది. ఆయన మంచం మీంచి చూసి, "మరీ దగ్గరగా కోశావోయ్, లోపల కుట్టుకి వదలొద్దూ!" అన్నారు. నవ్వాను. నవ్వించాలని చూస్తున్నారని తెలుసు.

ఎక్కిన బరువు 2.0.

ఏప్రిల్ 4, శుక్రవారం

షాపు నుంచి రాగానే జ్యూసు మాట ఎత్తారు. పక్కనే జ్యూస్ బండి, పొద్దస్తమానం కమలాపళ్ళు పిండుతూనే ఉంటాడట.

"ఒక్క గ్లాసు. ఒక్కటంటే ఒక్కటి. పళ్ళరసమేగా, సారా కాదుగా."

పట్టిక తెచ్చి చూపించాను. గ్లాసంటే రెండు వందల మిల్లీలీటర్లు. పొటాషియం నాలుగు వందలు. చక్కెర పదిహేడు గ్రాములు. పైగా రోజంతా తాగే నీళ్ళలో నాలుగో వంతు ఒక్క గుటకలో పోతుంది.

"మంచిదే కదే, విటమిన్లుంటాయి."

"ఉంటాయి. మీకు మాత్రం కాదు."

దాని బదులు కీరా కోసిచ్చాను. నూరు గ్రాములకి పొటాషియం 147. చక్కెర లేనట్టే. చల్లగా ఉంటుంది, నమిలే పని ఉంటుంది, నోరు తడుస్తుంది. తూకం వేసి రెండు వందల గ్రాములు పెట్టాను. 'తిన్నది' గడిలో 200, 'పొటాషియం' గడిలో 294. 'తాగినది' గడిలో ఏమీ లేదు.

"మేకకి కూడా ఇంకో రుచి చూపిస్తారు" అంటూనే తిన్నారు.

ఏప్రిల్ 7, సోమవారం

ఎక్కిన బరువు 2.4. గీత దాటలేదు గానీ దగ్గరికొచ్చింది. నాలుగు రోజుల ఎడం కాబట్టి అయి ఉంటుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆయన నీళ్ళు గీతలున్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పొద్దున మాత్రలకి నూట యాభై. టీ నూరు. షాపుకి రెండు వందలు. ఎంత మిగిలిందో ఆయన అడగరు, సీసా ఎత్తి వెలుతురులో చూస్తారు. చొక్కా గుడ్డ ఎంత మిగిలిందో చూసే చూపే అది.

నేను వంటింట్లో తాగుతాను, కుళాయి శబ్దం రాకుండా.

ఏప్రిల్ 10, గురువారం

2.3. మూడు రోజులకే.

పొద్దున, సాయంత్రం కలిపి కీరా రెండు వందల యాభై చేశాను. తింటున్నంతసేపూ జ్యూసు మాట ఎత్తడం లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

చొక్కాలు నానబెట్టేటప్పుడు జేబులు చూడటం పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. సుద్ద ముక్కలు, గుండీలు, సూదులు దొరుకుతాయి. ఈ రోజు కమలాపండు తొక్క దొరికింది. బొటనవేలంత, ఎండి వంకర తిరిగి.

అడగలేదు. సుద్దతో పాటు కిటికీ మీద పెట్టాను. చూసి ఆయనే చెబుతారనుకున్నాను. చూశారు. సుద్ద మాత్రం తీసుకున్నారు.

ఏప్రిల్ 14, సోమవారం

2.9.

సిస్టర్ తూకం రెండోసారి వేసింది. చెప్పులు తీయించి మూడోసారి వేసింది. తర్వాత పెద్ద డాక్టరు వచ్చాడు. డాక్టరు ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు.

"ఏం మాస్టారూ, దాహం ఆపుకోలేకపోతున్నారా?"

"ఆపుకుంటూనే ఉన్నానండీ."

"కాళ్ళు నొక్కితే గుంటలు పడుతున్నాయి. గుండె మీద భారం ఇది. మే ఐదు దాకా చూస్తాను. ఇలాగే దాటుతుంటే వారానికి మూడుసార్లు చెయ్యాల్సిందే."

మూడుసార్లు. ఆయన నాలుగు గంటలూ కళ్ళు మూసుకునే ఉన్నారు. నిద్ర కాదు, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఆడుతూనే ఉన్నాయి. గుడ్డ కోస్తున్నప్పటి ఆట అది.

ఇంటికొచ్చి పుస్తకంలో అంకెలన్నీ మొదటి నుంచి కూడాను. రెండుసార్లు కూడాను. నా వైపు తప్పు లేదు. రోజుకి 780, 800, 790, 760. ఇంట్లో అంత ఖచ్చితంగా పోసినప్పుడు మిగతా నీరు బయటి నుంచి రావాలి. ఇందులో అనుమానపడటానికేముంది, ఇది లెక్క.

ఏప్రిల్ 15, మంగళవారం

తొక్క గురించి అడిగాను.

"వాసన చూడటానికి" అన్నారు.

"ఏమిటీ?"

"నోరు ఎండినప్పుడు కాస్త గిల్లి వాసన చూస్తా. బండివాడు పారేసేవాటిలోంచి ఒకటి తెచ్చుకుంటా. కాస్త నోరూరుతుంది, అంతే."

యాభై మూడేళ్ళ మనిషి. కటింగ్ మాస్టరు. చెత్తబుట్టలోంచి తొక్క ఏరుకుని వాసన చూస్తారట. అబద్ధమైనా కాస్త కొలత చూసి కుట్టాలి కదా.

ఇవాళ్టి నుంచి కీరా మూడు వందలు. కడుపు నిండితే కళ్ళు బండి వైపు పోవు.

ఏప్రిల్ 16, బుధవారం

ఆయన షాపు నుంచి వస్తూ కింది వాటాలో పావుగంట ఆగుతారు. అక్కడుండేది మా వదినగారు, ఆయన అక్క. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక గ్లాసు కమలా జ్యూసు, ఒక పేపరు, ఇది ఆవిడ పద్ధతి. ఆయనకి జబ్బని తెలిసిన కొత్తలో "రక్తం పట్టాలంటే పళ్ళరసం ఇవ్వాలమ్మా" అని నాతో పది సార్లు అని ఉంటారు.

ఆరు, ఆరుంపావు మధ్య.

రాసి చూసుకుంటే అన్నీ సరిగ్గా కుదురుతున్నాయి.

ఏప్రిల్ 17, గురువారం

2.6.

సాయంత్రం కిందికి వెళ్ళాను. బల్ల మీద గ్లాసు ఉంది, అడుగున పసుపు పచ్చ పీచు అంటుకుని. ఒకటే గ్లాసు. అది కూడా చూశాను, ఒకటే. కానీ ఒక గ్లాసుతో ఇద్దరు తాగలేరా.

"రామ్మా, కూర్చో. వాడికెలా ఉంది?"

"మీరే చెప్పాలి వదినగారూ. రోజూ సాయంత్రం మీ దగ్గరే కదా తాగేది."

"ఏం తాగేది?"

"జ్యూసు."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "నా తమ్ముడికి నేను జ్యూసు పోస్తున్నానా? వాడు నా ముందు కూర్చుంటే నేనే గ్లాసు లోపలికి తీసుకెళ్ళి నిలబడి తాగుతున్నానమ్మా, వాడు చూడకుండా."

నాకు అప్పుడే లేచి వచ్చేయాలనిపించింది. రాలేదు. "రక్తం పడుతుందని మీరే అనేవారు కదా. మీ గ్లాసుతో మా ఇంటి మనిషిని తీసుకుపోకండి" అన్నాను.

మా ఇంటి మనిషి అన్నాను. ఆవిడ ఎత్తుకు పెంచిన తమ్ముడు.

ఆవిడ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టారు. వచ్చి, "సరేనమ్మా. వాణ్ణి ఇక్కడ ఆగొద్దని చెప్పు. ఎక్కిన బరువు తగ్గితే సంతోషమే" అని తలుపు దగ్గర నిలబడ్డారు. నేను దాటాక మెల్లగా వేశారు. విసురుగా వేసినా బాగుండేది.

ఏప్రిల్ 18, శుక్రవారం

అలసటగా ఉంది.

ఏప్రిల్ 19, శనివారం

ఆయన తిన్నగా పైకి వచ్చారు. ఆరింటికే. కీరా గిన్నె ముందు పెట్టాను. నవ్వలేదు, మేక జోకు వేయలేదు. ముక్క తర్వాత ముక్క, అప్పజెప్పిన పనిలా తిన్నారు.

"అక్కతో ఏమన్నావు?"

"లెక్క చెప్పాను."

"నీ లెక్కకి అక్క దొరికిందా?"

మా అమ్మాయి చెవుల్లో వైర్లు తీసి ఇద్దరినీ చూసి మళ్ళీ పెట్టుకుంది. ఎల్లుండి దానికి పరీక్ష. మా గొడవ దాని చదువు గదిలోకి పోకూడదని తలుపు వేశాను.

ఏప్రిల్ 21, సోమవారం

3.1.

సిస్టర్ మంచిదే, నోరే గట్టిది. "ఏంటి మాస్టారూ ఇది! మేం ఇక్కడ తీస్తుంటే మీరు అక్కడ నింపుకుంటున్నారు. నిజం చెప్పండి, ఏం తాగుతున్నారు?"

నేను పుస్తకం తెరిచి పట్టుకుని ఉన్నాను. ఆయన పుస్తకం వైపు చూశారు. నా వైపు కూడా చూశారు, కాసేపు.

"జ్యూసు సిస్టర్" అన్నారు. "షాపు పక్కన బండి. రోజూ ఒకటి కొట్టేస్తున్నా. మా ఆవిడ తప్పేం లేదు, మా అక్కదసలే లేదు."

"ఒకటేనా?"

"ఒక్కోరోజు రెండు."

"బాగుంది సంబడం! ఆవిడ గ్రాములు తూచి పెడుతుంటే మీరు లీటర్లు లాగిస్తున్నారా?"

పక్క మంచం పెద్దాయన నవ్వాడు. ఈయన కూడా నవ్వారు.

ఒప్పుకున్నారు. నేను చెప్పినట్టే అయింది. 'తాగినది' గడి పక్కన ఎర్ర సిరాతో 'బయట జ్యూసు 200–400' అని రాశాను. కూడితే సరిపోయింది. ఇన్నాళ్ళకి లెక్క తేలింది.

తేలితే హాయిగా ఉండాలి.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇక ముట్టనని మాట ఇచ్చారు. ఒక అలవాటు మానేవాళ్ళకి ఇంకోటి ఇవ్వాలి. కీరా మూడు వందల యాభై. పొద్దున నూట యాభై, షాపు డబ్బాలో నూరు, సాయంత్రం నూరు. పొటాషియం 515. మిగతా తిండిలో తగ్గించాను, రెండు వేలు దాటకుండా.

కూరగాయల ఆమె అడిగింది, "ఇన్నేసి కీరాలెందుకమ్మా, మొహానికి పూస్తావా?" అని.

వదినగారు మెట్ల మీద ఎదురయ్యారు. పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆయన ఒప్పుకున్నది బండి జ్యూసు, ఆవిడ జ్యూసు కాదు. అది చెప్పాలి. రేపు చెబుతాను.

ఏప్రిల్ 23, బుధవారం

చెప్పలేదు.

ఏప్రిల్ 24, గురువారం

3.1.

మూడు రోజులకే మూడు దాటింది. జ్యూసు మానేశాక.

"మళ్ళీ తాగారా?"

"లేదు."

"నాతోనైనా నిజం చెప్పండి."

"నిన్న నిజమే చెప్పా, మొన్న నిజమే చెప్పా" అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. పడుకుంటే ఆయాసం వస్తోందట, రెండు దిండ్లు వేసుకుంటున్నారు. "ఏది కావాలో నువ్వే రాసుకో, నేను సంతకం పెడతా."

ఏప్రిల్ 25, శుక్రవారం

షాపు నుంచి కత్తెర తెచ్చారు. సాన పట్టించడానికి కాదు. పాత లైనింగ్ గుడ్డలో చుట్టి, తాడు కట్టి తెచ్చారు. టేపు, వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా, చెక్క స్కేలు కూడా. అలమార పైన పెట్టారు.

"ఓనరు పొమ్మన్నాడా?"

"అనలేదు. అనాల్సిన అవసరం అతనికెందుకు? ఐదో తారీఖు దాకా వాళ్ళనే కోసుకోమన్నా. ఆ తర్వాత చూద్దామన్నాడు."

అమ్మాయి, "నాన్నా, నీ చేతులకి పని లేకపోతే నువ్వు మమ్మల్ని కోస్తావు" అంది. ఆయన దాని నెత్తి మీద చెయ్యి వేశారు, అంతే.

ఈ రోజు గిన్నె ఖాళీ చేసి తెచ్చి నా ముందు బోర్లించారు. "తిన్నా. చూసుకో."

ఏప్రిల్ 27, ఆదివారం

వివరంగా రాయాలి. తర్వాత మర్చిపోయానని అనుకోకూడదు.

పొద్దున ఒక కాగితం తయారు చేద్దామని కూర్చున్నాను. ఒకవైపు గ్లాసు కమలా జ్యూసు, ఇంకోవైపు పచ్చి కీరా. దేనిలో ఏముందో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటిస్తే, ఆయన చెయ్యి గ్లాసు మీదికి పోయే ముందు కళ్ళు దాని మీద పడతాయని. వదినగారికి కూడా ఒకటి ఇవ్వాలనుకున్నాను. క్షమించమని అడగడానికి బదులు కాగితం ఇద్దామని.

కేలరీలు రాశాను. చక్కెర రాశాను. పొటాషియం దగ్గర మొదటిసారి రెండూ పక్కపక్కన పెట్టాను. జ్యూసు గ్లాసు: 400. నేను పెడుతున్న కీరా: 515. పెన్ను ఆగింది. రెండు అంకెలూ నా చేత్తోనే రాశాను, వేర్వేరు పేజీల్లో. ఎప్పుడూ ఎదురెదురు కూర్చోబెట్టలేదు. నూరు గ్రాముల కీరాని గ్లాసెడు జ్యూసుతో పోల్చి ఆపేశాను. ఆ తర్వాత పెరిగిందంతా మంచిదేననుకున్నాను.

జ్యూసులో నీరెంతో రాద్దామని పట్టిక చివరికి వెళ్ళాను. చివర గడి లేదు. అంచున ఒక అక్షరం సగం ఉంది, 'నీ' అనుకుంటాను. మిగతాది కోసేశాను కదా, ఏప్రిల్ మూడున, గీత గీసినట్టు.

అమ్మాయిని పిలిచాను. "డైట్ మేడం కాగితం ఇంకోటి అడగాలే."

"ఎందుకమ్మా, ఫోన్‌లో ఉంది. ఇచ్చిన రోజే ఫోటో తీశా, నాన్న బస్సులో పోగొడతాడని."

చూపించింది. వేలితో పెద్దది చేసింది. చివరి గడి: నీరు, నూరు గ్రాములకి. కమలా రసం 88. కీరా 95.

మళ్ళీ చూశాను. తొంభై ఐదు.

మూడు వందల యాభై గ్రాముల కీరాలో నీళ్ళు మూడు వందల ముప్ఫై. రోజుకి. గ్లాసు జ్యూసులో నూట డెబ్బై ఆరు.

నమ్మకం కుదరక తురుముపీట తీశాను. మూడు వందల యాభై గ్రాములు తూచి తురిమి, పల్చటి గుడ్డలో మూటకట్టి పిండాను. ఆయన సీసా పక్కన కొలతల గ్లాసు పెట్టి పిండాను. ఆకుపచ్చ నీళ్ళు. గ్లాసు నిండింది. ఇంకో గ్లాసు పెట్టాల్సి వచ్చింది, అది సగం దాకా వచ్చింది. గుడ్డలో మిగిలింది నా పిడికిట్లో పట్టింది.

గ్లాసున్నర. ఇరవై మూడు రోజులుగా 'తిన్నది' గడిలో రాసుకుంటూ ఆయనకి ఇది తాగించాను. వద్దన్నప్పుడు కూడా ఆగలేదు.

"అమ్మా, అంటే నాన్న..." అని అమ్మాయి ఆపేసింది. తెలివైన పిల్ల.

సాయంత్రం ఆయన పడక మీంచి లేచి వచ్చేసరికి రెండు గ్లాసులూ బల్ల మీదే ఉన్నాయి. ఫోన్‌లో పట్టిక చూపించి చెప్పాను. కూర్చున్నారు. ఆకుపచ్చ నీళ్ళు వెలుతురులోకి ఎత్తి చూశారు.

"జ్యూసు తాగలేదు కదూ మీరు?"

"చుక్క కూడా."

"మరి సిస్టర్‌తో ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఏం చెయ్యను? నీ పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంది. అది నిండకపోతే నువ్వు తిండి తినేలా లేవు. అక్కతో మాటలు తెగిపోయాయి. ఇంకెవరి మీదకి పోతుందో అని నేనే నింపేశా."

"తొక్క..."

"వాసనకే. చెప్పాగా."

చెప్పారు. ఏప్రిల్ పదిహేనున చెప్పారు. నేను ఇందులోనే రాసుకున్నాను, వెటకారంతో సహా.

"ఇన్ని కీరాలు ఎలా తిన్నారండీ? కీరా అంటే మీకు మొదటి నుంచీ పడదు కదా."

"పడదు. కానీ నువ్వు తూచి పెడతావుగా."

ఏప్రిల్ 28, సోమవారం

3.2. మొన్నటి దాకా తిన్నది ఇంకా ఒంట్లోనే ఉంది.

డైట్ మేడంకి, సిస్టర్‌కి పుస్తకం చూపించాను. పట్టిక కోసిన సంగతి చెప్పాను. కీరా రోజుకెంతో చెప్పాను. చెప్పడానికి నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు.

డైట్ మేడం తిట్టలేదు. "అన్నంలో, కూరలో ఉండే తడి లెక్కలోకి తీసుకునే ఎనిమిది వందలు చెప్పామమ్మా. కీరా అంటే నాలుగు ముక్కలు అనుకున్నాను. ఎంతో నేను చెప్పాల్సింది. మీరు ఇంత శ్రద్ధగా పెడతారని నాకేం తెలుసు" అంది.

శ్రద్ధగా అన్న మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

సిస్టర్ ఆయన వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంది. "తాగని జ్యూసుకి నా చేత అన్ని చీవాట్లు తిన్నారా మాస్టారూ! మిమ్మల్ని ఏమనాలి?"

"ఏమీ అనకండి. ఒక అరగ్లాసు ఇప్పించండి, బాకీ తీరిపోతుంది."

పక్క మంచం పెద్దాయన మళ్ళీ నవ్వాడు. నేను గోడ వైపు తిరిగి పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను.

ఏప్రిల్ 29, మంగళవారం

ఆరింటికి కిందికి వెళ్ళాను. కాగితం తీసుకెళ్ళలేదు.

"వదినగారూ, తప్పు నాది. నీళ్ళు ఎక్కించింది నేనే, కీరాతో. ఆయన ఎక్కడా ఏమీ తాగలేదు. మిమ్మల్ని అనరాని మాట అన్నాను."

ఆవిడ పేపరు మడిచారు. ఎంతసేపు మడిచారో. బడిలో తప్పు ఒప్పుకున్న పిల్లల్ని ఇలాగే నిలబెట్టేవారేమో.

"నాకు ఆ మాట ఇంకా నొప్పిగానే ఉందమ్మా" అన్నారు. "నొప్పి లేదంటే అబద్ధం. వాణ్ణి మాత్రం రేపటి నుంచి రమ్మను. పావుగంట వాడు కూర్చుంటే ఈ ఇంట్లో గడియారం తిరుగుతుంది."

కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు. అంతకన్నా అడిగే మొహం లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

కీరా లేదు. ఆయన గిన్నె కోసం చూసి, లేదని గుర్తొచ్చి, "స్వాతంత్ర్యం వచ్చినట్టుంది" అన్నారు.

మే 1, గురువారం

2.1. ఆయాసం తగ్గింది. ఒక దిండు చాలిందట.

మే 3, శనివారం

పుస్తకం మొదటి నుంచి దిద్దాను. ఏప్రిల్ నాలుగు నుంచి ఇరవై ఆరు దాకా కీరా నీళ్ళు 'తాగినది' గడిలోకి మార్చాను. 'బయట జ్యూసు' అని ఎర్ర సిరాతో రాసింది కొట్టేశాను. కొట్టేసినా కింద కనిపిస్తోంది. కనిపించనీ. డైట్ మేడం మళ్ళీ ఇచ్చిన పట్టిక అంచు కోయకుండా మడిచి అంటించాను. పుస్తకం మూస్తే అంచు బయటికి పొడుచుకొస్తోంది, చూడ్డానికి బాగోలేదు.

నాలుగు రోజుల ఎడం ఇది. పరీక్ష సోమవారం. నీళ్ళు ఏడు వందల యాభై దగ్గర ఆపేశారు, నేను అడక్కుండానే. ఎక్కువ తక్కువలు నేను అనలేను ఇంక.

మే 5, సోమవారం

2.3.

పెద్ద డాక్టరు పుస్తకం తిరగేశాడు. దిద్దిన పేజీల దగ్గర ఆగాడు. మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇలాగే ఉంచగలరా?" అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన చెప్పారు. "ఉంచుతామండీ."

"అయితే రెండే. నెలకోసారి చూస్తాను."

సూది పెట్టి యంత్రం తిప్పాక డైట్ మేడం వచ్చింది. కాస్త కమలా రసం ఇవ్వొచ్చా అని పోయిన వారమే అడిగి ఉంచాను. రక్త పరీక్ష కాగితం చూసి, "మొదటి గంటలోనే అయితే, యాభై మిల్లీలీటర్లు. ఈ ఒక్కసారికి. లెక్కలో రాయండి" అంది.

పొద్దున ఒక పండు పిండి చిన్న సీసాలో తెచ్చాను. మందు కొలిచే గ్లాసులో యాభై పోశాను. పసుపు రంగు గీత మీద సరిగ్గా ఆగింది. ఆయన తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను కిటికీ మీద పెట్టిన తొక్క గుర్తొచ్చింది, ఆయన ముట్టుకోకుండా వదిలేసింది.

తర్వాత చిన్న గుటక వేశారు. ఇంకోటి. గ్లాసు నా చేతిలో పెట్టారు.

"మిగతాది నువ్వు."

"మీకోసం అడిగి తెచ్చానండీ."

"నాకు జబ్బని తెలిసినప్పటి నుంచీ నువ్వు తాగడం నేను చూడలేదు. కుళాయి చప్పుడు కూడా వినపడదు. తాగవోయ్, నా ఎదురుగా."

తాగాను. పుల్లగా ఉంది, కాస్త వెచ్చబడింది కూడా. గ్లాసు అడుగున కొంచెం మిగిలిపోయింది.

ఇంటికొచ్చాక అలమార పైనుంచి కత్తెర మూట దింపమన్నారు. తాడు నేనే విప్పాను. రేపు షాపుకి.

బల్ల మీది పుస్తకంలో ఈ రోజు పేజీ:

కమలా రసం 50 మి.లీ. అందులో ఆయన 25. నేను 25.

నాకు గడి లేదు. అంచున చోటుంటే అక్కడ రాశాను.